ఇళ్లు మనం రాస్తే వస్తాయా, అద్దె తెస్తే వస్తాయా: శాక్రమెంటోలో రెండు మోడళ్ల పోలిక

హైవేకి ఇంకో లేన్ వేస్తే రద్దీ తగ్గుతుందా? లైట్ రైల్ (ఊరి లోపల తిరిగే చిన్న రైలు) స్టేషన్ చుట్టూ అపార్ట్‌మెంట్లు కట్టిస్తే జనం కారు తీయడం మానేస్తారా? నగరపాలకులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు చాలావరకు ఇవే. జవాబు కోసం మేం మోడల్, అంటే ఊరినీ ప్రయాణాలనీ అనుకరించే కంప్యూటర్ లెక్క, నడుపుతాం, పేజీలకొద్దీ పట్టికలు ఇస్తాం. ఆ పట్టికల్లో ఊరి స్వభావం ఎంత, మోడల్ స్వభావం ఎంత అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఒకే ఊరి మీద రెండు వేర్వేరు మోడళ్లు నడిపి పక్కపక్కన పెడితే తప్ప అది తేలదు. అలా చేసి చూసిన చోట్లలో నాకు బాగా తెలిసింది కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటో. నా ఉద్యోగం ఈ ప్రాంతంలోనే, రవాణా మోడలింగే. ఇరవై ఏళ్ల కిందటి ఆ పోలికను ఇప్పటికీ పనిలో వాడుతుంటాను కాబట్టి తెలుగులో వివరంగా రాస్తున్నాను. హైదరాబాద్, విజయవాడల్లో ప్లానింగ్ చదివే పిల్లలు "ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి" అని తరచూ అడుగుతుంటారు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇందులో ఉంది.

ఒకే ఊరు ఎందుకు

1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ రవాణా పరిశోధనశాల ముందుండి ఒక అంతర్జాతీయ బృందాన్ని నడిపింది. పేరు ఇస్‌గ్లూటి. భూవినియోగాన్నీ (ఎక్కడ ఇళ్లు, ఎక్కడ ఉద్యోగాలు అన్నదాన్నీ) రవాణానీ కలిపి లెక్కగట్టే 9 మోడళ్లను పోల్చడం దాని పని. మొదటి విడతలో ఒక్కో మోడల్‌ని దాని సొంత ఊరి మీదే నడిపారు. లీడ్స్ మోడల్ లీడ్స్ మీద, డార్ట్‌మండ్ మోడల్ డార్ట్‌మండ్ మీద, ఒసాకా మోడల్ ఒసాకా మీద. పెట్రోలు ధర పెంచితే లీడ్స్‌లో ఒకలా, ఒసాకాలో ఇంకోలా ఫలితం వచ్చిందనుకోండి, అది ఊరి తేడానా, మోడల్ తేడానా? చెప్పడం కష్టం. అందుకే రెండో విడతలో ఒకే ఊరి మీద వేర్వేరు మోడళ్లు నడిపారు. జర్మనీలోని డార్ట్‌మండ్ మీద మూడు మోడళ్లు నడిచాయి.

శాక్రమెంటోలో ఆ పద్ధతినే ఇంకా ముందుకు తీసుకెళ్లారు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి రాబర్ట్ జాన్‌స్టన్, కెరొలైన్ రోడియర్, కెనడాలోని కాల్గరీ నుంచి డగ్ హంట్, జాన్ ఏబ్రహాం ఈ పనిలో ముఖ్యులు. మెప్లాన్, ట్రానస్, డ్రామ్-ఎంపాల్ అనే మూడు భూవినియోగ మోడళ్లను ఇక్కడ నిలబెట్టి చూశారు. అన్నిటి గురించీ రాస్తే ఏదీ సరిగ్గా అర్థం కాదు. నేను రెండింటినే తీసుకుంటాను. ఒకటి సాక్‌మెట్, అప్పట్లో ఈ ప్రాంత ప్రణాళికా సంస్థ వాడిన ప్రయాణ మోడల్. రెండోది మెప్లాన్. ఈ రెండింటి మీద ఒకే రకం విధానాలు పరీక్షించిన పోలికను రోడియర్, జాన్‌స్టన్, ఏబ్రహాం 2002లో ప్రచురించారు.

రెండు మోడళ్లు లోపల ఎలా ఉంటాయి

సాక్‌మెట్ ఆ రోజుల్లో అమెరికాలోని మంచి ప్రయాణ మోడళ్లలో ఒకటి. ఇంట్లో ఎన్ని కార్లుంటాయి అన్నది ఆదాయంతోపాటు చుట్టుపక్కల పరిసరాన్ని బట్టి కూడా లెక్కగడుతుంది. నడకనీ సైకిల్‌నీ వదిలెయ్యదు. రోడ్డు మీద రద్దీ పెరిగితే ఆ ఆలస్యాన్ని మళ్లీ మొదటికి తీసుకెళ్లి, జనం ఎక్కడికి వెళ్తారన్న లెక్కని సరిచేస్తుంది. ప్రాంతాన్ని వెయ్యికి పైగా జోన్లుగా చీల్చింది కాబట్టి స్టేషన్‌కి నడిచి వెళ్లగల ఇళ్లేవో, వెళ్లలేని ఇళ్లేవో దానికి తెలుస్తుంది. కానీ ఏ జోన్లో ఎన్ని ఇళ్లు, ఎన్ని ఉద్యోగాలు అన్నది దానికి మనమిచ్చే ఫైలు. 20 ఏళ్ల తర్వాత ఊరు ఎలా ఉంటుందో ముందే రాసి పెడతాం, అందులో జనం ఎలా తిరుగుతారో అది చెబుతుంది.

మెప్లాన్ పుట్టింది కేంబ్రిడ్జిలో, మార్సియల్ ఎచెనికే చేతుల మీదుగా. ఇది డబ్బు లెక్కతో మొదలవుతుంది. ఒక పరిశ్రమకి పనివాళ్లు కావాలి. పనివాళ్లంటే కుటుంబాలు. కుటుంబాలకి ఇల్లు కావాలి, దుకాణాలు కావాలి, బడి కావాలి. వీటన్నిటికీ స్థలం కావాలి. ఒక జోన్లో ఉన్న స్థలం కంటే అడిగేవాళ్లు ఎక్కువైతే అక్కడ అద్దె పెరుగుతుంది, కొందరు పక్క జోన్‌కి జరుగుతారు, గిరాకీ సరఫరా సరితూగేదాకా ఈ సర్దుబాటు సాగుతుంది. ఈ లెక్కలోంచి పుట్టిన ప్రయాణాలు రోడ్ల మీదికి వెళ్తాయి. రోడ్ల మీద పడ్డ ఖర్చూ ఆలస్యమూ తర్వాతి విడత లెక్కలోకి వస్తాయి. విడతకి ఐదేళ్లు. ఈ రోజు వేసిన హైవే వచ్చే ఐదేళ్లకి ఎక్కడ ఇళ్లు కట్టాలన్న ఆలోచనని మారుస్తుందన్నమాట. నిజంగా జరిగేదీ దాదాపు అలాగే.

దీనికి చెల్లించే మూల్యం ఉంది. జోన్లు సుమారు అరవై మాత్రమే. అంత పెద్ద జోన్ లోపల స్టేషన్ పక్క ఇల్లూ, మూడు మైళ్ల దూరంలోని ఇల్లూ ఒకటే. నడిచి రైలెక్కేవాళ్లని పట్టుకోవడంలో సాక్‌మెట్ ముందు మెప్లాన్ నిలబడదు. దీన్ని చిన్న లోపం అనుకోవద్దు. లైట్ రైల్ గురించి అడుగుతున్నప్పుడు ఆ చివరి అరమైలే సగం కథ.

ఒకే విధానం, రెండు రకాల ఎంట్రీ

పరిశోధకులు పరీక్షించిన విధానాల్లో ముఖ్యమైనది లైట్ రైల్ పొడిగించి, స్టేషన్ల చుట్టూ ఇళ్లూ ఉద్యోగాలూ పెంచడం. శాక్రమెంటోలో లైట్ రైల్ 1987లో మొదలైంది. తూర్పు వైపు రైలు చాలాకాలం బటర్‌ఫీల్డ్ స్టేషన్ దాకానే నడిచింది, ఫోల్సమ్ దాకా చేరింది 2005లో. ఇంటెల్ క్యాంపస్ వల్ల ఫోల్సమ్‌లో మనవాళ్లు చాలామందే స్థిరపడ్డారు, కాబట్టి ఈ దారి చదివేవాళ్లలో కొందరికి అలవాటైనదే.

ఉదాహరణకి బటర్‌ఫీల్డ్ దగ్గర జనసాంద్రత పెంచాలనుకుందాం. సాక్‌మెట్‌లో పని ఇలా ఉంటుంది. జోన్ల ఫైలు తెరుస్తాం. ఊరి చివర, పొలాల అంచున ఉన్న జోన్ల వరసలో ఇళ్ల సంఖ్య తగ్గిస్తాం. అంతే సంఖ్యని స్టేషన్ దగ్గరి జోన్లకి కలుపుతాం. ప్రాంతం మొత్తం కూడిక మారలేదని చూసుకుని రన్ వేస్తాం. ఒక్క పూటలో ఊరు మారిపోతుంది. ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆ ఇళ్లు ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, అంచున స్థలం చవగ్గా దొరుకుతుంటే ఇక్కడికెందుకు వచ్చారు అని మోడల్ అడగదు.

మెప్లాన్‌లో ఆ సంఖ్య టైపు చేసే గడే లేదు. ఇళ్ల సంఖ్య దానికి ఇన్‌పుట్ కాదు, అవుట్‌పుట్. మనం మార్చగలిగింది రెండే: ఏ జోన్లో ఎంత స్థలంలో కట్టనిస్తాం, అక్కడ ధర మీద ఎంత సబ్సిడీ లేదా ఎంత పన్ను వేస్తాం. కాబట్టి పరిశోధకులు లైట్ రైల్ ప్రాంతాలకి స్థలం మీద సబ్సిడీ, మిగతా చోట్ల కొత్త అభివృద్ధి మీద పన్ను అనే రూపంలో విధానాన్ని లోపలికి పంపారు. తర్వాత ఏమవుతుందో చూడటమే.

జరిగింది ఏమిటంటే, సబ్సిడీలూ పన్నులూ మాత్రమే సరిపోకపోవచ్చని తేలింది. ప్రాంతంలోని మిగతా చోట్ల నిర్మాణాల మీద గట్టి నియంత్రణ లేకపోతే స్టేషన్ల చుట్టూ చెప్పుకోదగ్గ ఊరు లేవదు. మోడల్ లోపలి నడక తెలిస్తే కారణం స్పష్టమే. స్టేషన్ దగ్గర అద్దె తగ్గగానే కొందరు అంచునుంచి ఇటు వస్తారు. వాళ్లు ఖాళీ చేసిన రోజ్‌విల్‌లోనో ఎల్క్ గ్రోవ్‌లోనో గిరాకీ తగ్గి అద్దె దిగుతుంది. ఆ దిగిన అద్దె చూసి వేరేవాళ్లు అటు వెళ్తారు. పైగా హైవే మీద కార్లు కొన్ని తగ్గినందుకు అంచునుంచి రావడం కూడా కాస్త సుఖమవుతుంది. ఒకవైపు తోసింది ఇంకోవైపునుంచి చాలావరకు తిరిగి వస్తుంది.

నా దృష్టిలో ఈ పోలిక మొత్తంలో అతి విలువైన భాగం ఇదే. కారు వాడకం అంకె ఇంకా ఒక్కటి కూడా చూడకముందే, కేవలం విధానాన్ని మోడల్లోకి ఎక్కించే పనిలోనే, రెండు మోడళ్ల మధ్య తేడా బయటపడింది. ఒకదాంట్లో ప్లానర్ ఆజ్ఞాపిస్తాడు. రెండోదాంట్లో ప్లానర్ ధర ద్వారా జనాన్ని ఒప్పించుకోవాలి. నిజ జీవితంలో నగరపాలక సంస్థకి ఉన్న అధికారం రెండోదానికే దగ్గర.

అంకెలు

కారు వాడకాన్ని కొలవడానికి ఇక్కడ మేం వాడేది వాహనాలు తిరిగే మొత్తం మైళ్లు, రోజువారీ మాటల్లో వీఎంటీ. 20 ఏళ్ల కాలానికి, ఏ విధానమూ మార్చని బేస్ కేసుతో పోలిస్తే, భూవినియోగ మార్పులూ లైట్ రైలూ కలిపి వీఎంటీనీ వాహన కాలుష్యాన్నీ సుమారు 5 నుంచి 7 శాతం తగ్గించగలవని వచ్చింది. వాటికి కారు వాడకం మీద ఓ మోస్తరు చార్జీలు కూడా చేరిస్తే ఇంకో 4 నుంచి 6 శాతం తగ్గుతుంది.

ఇవి చిన్న అంకెలని నిరాశపడేవాళ్లుంటారు. నాకు అలా అనిపించదు. 20 ఏళ్లలో ఊరికి చేరేది మొత్తం ఊరిలో కొంత భాగమే. ఇప్పటికే కట్టిన ఇళ్లు ఎక్కడికీ పోవు. ఆ కొత్త భాగాన్ని మలిచినంత మాత్రాన ప్రాంతం మొత్తం ప్రయాణాల్లో ఇంత తేడా రావడం మామూలు విషయం కాదు. అదీగాక, అంత వేర్వేరు తర్కాలున్న రెండు మోడళ్లు ఇంత దగ్గర దగ్గరగా, ఒకే దిశలో చెప్పడం నాకు ధైర్యమిస్తుంది. ఆర్థికవేత్త విలియం అలోన్సో 1968లోనే ఈ మాట అన్నాడు: సమాచారం అంత నమ్మకంగా లేనప్పుడు ఒకే మహా మోడల్ మీద ఆధారపడొద్దు, కొన్ని బలహీనమైన మోడళ్లు ఎక్కడ కలుస్తాయో చూసుకోండి. రోడియర్ బృందం తమ పనికి ఆధారంగా తీసుకుంది ఈ మాటనే.

అయితే ఒక జాగ్రత్త నేను చేరుస్తాను. రెండు మోడళ్లకీ ఒకే జనాభా అంచనా, ఒకే రోడ్డు మ్యాపు ఇచ్చి, రెండూ ఒకే మాట చెప్పాయని సంతోషపడితే అందులో కొంత మనం పెట్టిందే తిరిగి వస్తోంది. రెండు మోడళ్ల ఏకాభిప్రాయం ఎంతమేరకు స్వతంత్రమో చూసుకోవాలి.

పార్కింగ్ విషయంలో వచ్చిన ఫలితం చాలామందికి వింతగా అనిపిస్తుంది: లైట్ రైల్ ఉన్నచోట, సబ్సిడీ ఇచ్చి సాంద్రత పెంచుతున్నచోట పార్కింగ్ చార్జీ వేయొద్దని రోడియర్ బృందం తేల్చింది. ఇళ్లూ ఆఫీసులూ కదలని మోడల్లో ఆలోచిస్తే పార్కింగ్ చార్జీ మంచిదే. కారు ఖరీదవుతుంది, కొందరు రైలెక్కుతారు. కానీ ఆఫీసు కదలగలదంటే? పార్కింగ్‌కి డబ్బు కట్టించే డౌన్‌టౌన్‌ని వదిలి, ఉచితంగా కారు పెట్టుకోగల అంచు ప్రాంతానికి పోతుంది. ఒక చేత్తో సబ్సిడీ ఇచ్చి పిలిచి, ఇంకో చేత్తో చార్జీ వేసి పంపేసినట్టవుతుంది. పార్కింగ్ చార్జీల మీద రిపోర్టు ఎప్పుడు నా బల్ల మీదికి వచ్చినా, అది ఏ రకం మోడల్‌తో చేశారో ముందు చూస్తాను.

రోడ్డు సంగతి

ఇదే మెప్లాన్‌తో అదే బృందం 2001లో ఇంకో పరీక్ష చేసింది. రోడ్ల సామర్థ్యం, అంటే లేన్ మైళ్లు, ఒక శాతం పెంచితే వీఎంటీ ఎంత శాతం పెరుగుతుంది? 20-25 ఏళ్లకి 0.8, 50 ఏళ్లకి 1.1 వచ్చింది. వేసిన లేన్లు కాలక్రమంలో దాదాపు పూర్తిగా, ఆపైన కూడా నిండిపోతాయన్నమాట. ఇంతటితో ఆగకుండా వాళ్లు మోడల్లోని భాగాలని ఒక్కొక్కటిగా బిగించి చూశారు. జనమూ ఉద్యోగాలూ చోటు మారకుండా ఆపేసి నడిపితే ఆ అంకె బాగా పడిపోయింది. మోడల్ అదే, రోడ్డు అదే, ఊరూ అదే. కదలనివ్వకపోవడం వల్లనే జవాబు మారింది. రెండు సాఫ్ట్‌వేర్లు పోల్చడం కంటే ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఇలా బిగించి చూడటం ఇంకా శుద్ధమైన పోలిక అని నా నమ్మకం. ఏ ఆఫీసులోనైనా చేయొచ్చు.

ఇప్పుడు కాలిఫోర్నియాలో హైవే ప్రాజెక్టులకి యూసీ డేవిస్‌లోని రవాణా పరిశోధన కేంద్రం తయారుచేసిన ఒక చిన్న కాలిక్యులేటర్ వాడుతున్నారు. అది ఆ నిష్పత్తినే అంతర్రాష్ట్ర హైవేలకి 1.0, ఆ తర్వాతి స్థాయి రోడ్లకి 0.75 తీసుకుంటుంది. ఇవి నిజంగా జరిగినదాన్ని కొలిచిన అధ్యయనాల నుంచి వచ్చిన అంకెలు. మెప్లాన్ వీటి చుట్టుపక్కలే ఉండటం గమనించండి.

దీనికి కోర్టు మెట్లెక్కిన చరిత్ర కూడా ఉంది. షికాగో దగ్గర ఐ-355 టోల్ రోడ్డు పొడిగింపు మీద పర్యావరణ సంస్థలు కేసు వేశాయి. రోడ్డు వేస్తే ఊరు ఎలా పెరుగుతుంది, వేయకపోతే ఎలా పెరుగుతుంది అన్న రెండింటికీ ఆ ప్రాజెక్టు పర్యావరణ నివేదికలో ఒకే జనాభా, ఉద్యోగాల అంచనా వాడారు. రోడ్డు ఉన్నా లేకున్నా ఇళ్లు అక్కడే కడతారన్నట్టు. 1997లో ఫెడరల్ జడ్జి ఆ నివేదిక చెల్లదన్నారు. రోడ్డు ఆ తర్వాత వేశారు, 2007లో తెరిచారు. కానీ ఆ తీర్పు తర్వాత మా వృత్తిలో, రోడ్డు వల్ల ఇళ్లు ఎక్కడ వస్తాయన్నది మారుతుందా అన్న ప్రశ్నని దాటవేయడం కష్టమైంది.

పనిలో దీన్ని ఎలా వాడుతున్నాను

ఏ మోడల్ అవుట్‌పుట్ చేతికొచ్చినా మొదట వీఎంటీ చూడను. ముందు ప్రాంతం మొత్తం జనాభా, ఉద్యోగాలు సినారియోల (పోల్చే వేర్వేరు విధానాల) మధ్య మారాయా లేదా చూస్తాను. తర్వాత జోన్ల వారీగా ఇళ్లు మారాయా. మారకపోతే ఆ రన్ జవాబిస్తున్నది "ఊరు ఇలాగే ఉండిపోతే" అన్న ప్రశ్నకి మాత్రమే. అది తప్పు ప్రశ్న కాదు. ఐదేళ్ల ప్రాజెక్టుకి, సిగ్నళ్ల టైమింగుకి అదే సరైన ప్రశ్న. ముప్ఫై ఏళ్లు నిలిచే హైవేకి కాదు. మేం రాసే ప్రతి రిపోర్టు మొదటి పేజీల్లో ఒక పట్టిక ఉండాలని పట్టుబడతాను: ఇళ్లు, ఉద్యోగాలు, అద్దెలు, గమ్యాలు, ప్రయాణ సాధనం, దారి, వీటిలో ఈ రన్‌లో ఏవి కదిలాయి, ఏవి కట్టేసి ఉంచాం. క్లయింట్లు మొదట్లో విసుక్కున్నా, రెండో మీటింగ్‌కి వాళ్లే ఆ పేజీ తెరిచి అడుగుతారు.

స్థలం లభ్యత ఫైలు మీద ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. మెప్లాన్ లాంటి మోడల్ మొత్తం దాని మీదే నిలబడుతుంది. శాక్రమెంటో ఉత్తరాన నాటోమాస్ ఉంది, నది కట్టల మధ్య పల్లపు ప్రాంతం. కట్టలు ఆశించినంత గట్టిగా లేవని తేలాక 2008 చివరినుంచి 2015 దాకా అక్కడ కొత్త నిర్మాణాలు దాదాపు ఆగిపోయాయి. 1990ల్లో అద్దెల లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా ఆ విరామం అందులో కనపడదు. హైదరాబాద్ మీద ఇలాంటి మోడల్ కట్టాలంటే ఇంకో రకం చిక్కు. 2006లో జీవో 86తో ఎఫ్ఎస్ఐ పరిమితి (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు) తీసేశారు. ఎత్తుని ప్రధానంగా రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) నిర్ణయిస్తాయి. అలాంటప్పుడు ఒక జోన్లో గరిష్ఠంగా ఎంత కట్టొచ్చన్నది నిబంధనల పుస్తకంలోంచి నేరుగా ఎత్తి రాసుకునే అంకె కాదు. స్థలాల సైజు, రోడ్ల వెడల్పు చూసుకుని కట్టుకోవాల్సిన అంకె. గచ్చిబౌలి వైపు టవర్లు ఎందుకు అంతలా లేచాయో చెప్పడానికి ఆ ఒక్క ఫైలు మిగతా కాలిబ్రేషన్ (మోడల్‌ని నిజం అంకెలకి సరిపెట్టే పని) అంతటి కంటే ముఖ్యమవుతుంది.

శాక్రమెంటో ప్రాంతం ఈ పోలికల దగ్గర ఆగలేదు. ప్రయాణాల వైపు సాక్‌మెట్ స్థానంలో, ఒక్కో మనిషి రోజంతా ఏం చేస్తాడో అనుకరించే సాక్‌సిమ్ వచ్చింది. భూవినియోగం వైపు హంట్, ఏబ్రహాం తయారుచేసిన పెకాస్‌ని తీసుకున్నారు. మెప్లాన్ తర్కమే ఇంకా చిన్న చిన్న స్థలాల దాకా దిగింది. సాక్‌మెట్‌కున్న సూక్ష్మదృష్టి, మెప్లాన్‌కున్న అద్దె తర్కం రెండూ కావాలన్న అవసరాన్ని ఆనాటి పోలికే గట్టిగా ముందుకు తెచ్చిందని నేననుకుంటాను.

ఇప్పుడు చేయాల్సిన పోలిక ఇంకొకటి ఉంది. ఈ ఊళ్లో పెద్ద యజమాని రాష్ట్ర ప్రభుత్వం. 2020 తర్వాత ఉద్యోగులు వారంలో ఎన్ని రోజులు ఆఫీసుకి రావాలన్నది ఇంకా కుదురుకోలేదు. పాత మోడళ్లన్నీ ఇల్లు ఎంచుకునే లెక్కలో ఆఫీసు ప్రయాణానికి ఐదు రోజుల బరువు పెడతాయి. రెండు రోజులే వచ్చే కుటుంబం ఆబర్న్ లాంటి దూరపు ఊరికి, చవకైన పెద్ద ఇంటికి వెళ్తే వీఎంటీ తగ్గుతుందా పెరుగుతుందా? ఇళ్లు కట్టేసి ఒకసారి, ఇళ్లు కదలనిచ్చి ఒకసారి, రెండు రన్లూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ ఎటువైపు తేలుతుందో చెప్పలేం. ఈ ప్రాంతంలో రాబోయే హైవే ప్రాజెక్టుల నివేదికల్లో నేను మొదట వెతకబోయేది ఆ రెండు రన్లనే.